గ్రంథాలయము చదువరి యింటికి నడచిన కథ

గ్రంథాలయ చరిత్రలు వ్రాయువారు సామాన్యముగా కట్టడములను గూర్చియు, దాతలను గూర్చియు, గ్రంథసంఖ్యను గూర్చియు వ్రాయుదురు. శంకుస్థాపన యెవరు చేసిరి, బీరువాలెన్ని, పత్రికలెన్ని వచ్చుచున్నవి అను విషయములతో పుటలు నిండును. చదువరి ఆ గుమ్మమును ఏల దాటివచ్చెను, దాటిరానివానికై గ్రంథాలయము చేసిన యత్నమెట్టిది అను ప్రశ్నలకు మాత్రము ఆ చరిత్రలలో చోటు తక్కువ. నేడు అనేక గ్రంథాలయములు ఫేస్‌బుక్కులోను, వాట్సాపులోను, ఇన్‌స్టాగ్రాములోను తమ పుటలు తెరచి చదువరులను పిలుచుచున్నవి. ఇట్లు పిలుచుట నేడు పుట్టిన వింత యని కొందరును, పుస్తకమునకు పట్టిన చీడయని మరికొందరును తలచుచున్నారు. గుమ్మము దాటి చదువరిని వెదకికొనిపోవుటకు 120 ఏండ్లకు పైబడిన చరిత్ర గలదు. అందు కొన్ని పిలుపులు ఫలించినవి. కొన్ని గోడకు చెప్పినట్లైనవి. ఆ భేదమెందువలన కలిగెనో విచారింతము.

అమెరికాలోని మేరీలాండు రాష్ట్రమున హేగర్స్‌టౌను అను పట్టణము గలదు. ఇరువదవ శతాబ్దారంభమున అచ్చటి గ్రంథాలయమునకు మేరీ టిట్‌కోంబ్ అను నామె పాలకురాలు. ఆ గ్రంథాలయము పట్టణమునకే కాక చుట్టునున్న పల్లెలకును ఉద్దేశింపబడినది. కాని పొలముపని విడిచి, పుస్తకమునకై పట్టణమునకు వచ్చు రైతులెందరు? ఆమె మొదట పల్లె అంగళ్లలోను, తపాలా కచేరీలలోను పుస్తకముల పెట్టెలనుంచెను. అదియు చాలదని 1905వ సంవత్సరమున రెండు గుఱ్ఱముల బండియొకటి చేయించి, దాని ప్రక్కలకు అరలమర్చి, పల్లెదారులవెంట పంపెను. అమెరికాలో పుస్తకములతో తిరిగిన బండ్లకెల్ల ఇదియే మొదటిదని చెప్పుదురు.

ఆ బండికి మొదట నల్లరంగు పూసిరి. దారిలో నొక పల్లెవాడు దానిని చూచి, పీనుగుల బండి తమకక్కరలేదు, ఇచ్చట నిలుపవలదని కేకవేసెనట! అటుపిమ్మట చక్రములకు ఎఱ్ఱరంగు వేయించిరి. టిట్‌కోంబ్ ఈ సంగతిని తానే వ్రాసిపెట్టినది. విజ్ఞానమును మోసికొనిపోవు బండి యెట్లున్ననేమి యని పండితులు తలంతురు. చూచువాని కంటికి అది యెట్లు తోచునో విచారింపని పిలుపు పీనుగుల బండివలెనే గుమ్మము బయట నిలిచిపోవును.

రంగు సంగతి యటుండనిండు. ఆ బండిని తోలినవాడు జాషువా థామస్. గ్రంథాలయ భవనమును ఊడ్చి తుడిచి కాపాడు పనివాడు. ఆతడు విద్వాంసుడు కాడు గాని ఆ సీమలో పుట్టిపెరిగిన వాడగుటచే దారులన్నియు ఎఱుగును. ఏ యింట నెవరుందురో యెఱుగును. పుస్తకమిచ్చి వెంటనే పరుగుతీయక, నిలిచి మాటలాడుట ఆ బండికి నియమమైయుండెను. 1910లో ఒక రైలుకట్ట దాటుచుండగా గూడ్సు బండి తగిలి ఆ పుస్తకాల బండి ధ్వంసమయ్యెను. 1912లో మోటారు బండి వచ్చెను. గుఱ్ఱము పోయి మోటారు వచ్చినను ఇంటిముందర ఆగుట మానలేదు. అందుచేతనే ఆ యేర్పాటు నిలిచినది.

ఆ కాలముననే మన దేశమున బరోడా ప్రభువైన సయాజీరావు గాయక్వాడు అమెరికాలోని గ్రంథాలయములను చూచివచ్చి, విలియం బోర్డెన్ అను నిపుణుని 1910లో తన సంస్థానమునకు రావించెను. పల్లెలకు పుస్తకముల పెట్టెలు, స్త్రీలకును పిల్లలకును ప్రత్యేక విభాగములు, చదువురాని వారికై దీపపు బొమ్మల ప్రదర్శనములు అచ్చట ఏర్పడెను. ప్రభువు తలచిన పనిగనుక ధనమునకు లోటు లేకుండెను. ఆంధ్రదేశమున పరిస్థితి వేరు. ఇచ్చట ఉద్యమము చందాలతోను, కాలినడకతోను సాగినది.

1914 ఏప్రిల్ 10వ తేదీన బెజవాడలోని రామమోహన ధర్మ గ్రంథాలయమున ఆంధ్రదేశపు గ్రంథాలయ కార్యకర్తలు మొదటిసారి సభచేసిరి. పూనికవహించిన అయ్యంకి వెంకటరమణయ్యకు అప్పటికి ఇరువదినాలుగేండ్లైనను నిండలేదు. అధ్యక్షులు చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు. ఇందొక విశేషమున్నది. చిలకమర్తివారికి చిన్ననాటనుండియు చూపు సరిగాలేదు; పుస్తకమును ఒకరు చదువగా వినుట వారికి నిత్యానుభవము. పుస్తకములను గూర్చిన తొలి మహాసభకు, వినికిడిచే విద్యనార్జించిన మహనీయుడు పెద్దయగుట కాకతాళీయమే కావచ్చును. కాని ఆ ఉద్యమపు స్వభావమున కది మిక్కిలి తగియున్నది. 1911 నాటి జనగణనమున చెన్నపురి రాజధానిలో అక్షరాస్యులు నూటికి పదిమందియైనను లేరు. అట్టిచోట తలుపుతెరచి కూర్చున్నచో ఎవరు వత్తురు? అందుచే పల్లెలలోని కార్యకర్తలు రచ్చబండయొద్ద వార్తాపత్రికను బిగ్గరగా చదివి వినిపించిరి, హరికథలు చెప్పించిరి, రాత్రి పాఠశాలలు నడపిరి. గ్రంథాలయ యాత్రలనుపేర ఊరూర తిరిగిరి. సంఘము పక్షమున గ్రంథాలయ సర్వస్వమను పత్రిక వెలువడి, ఒక యూరి యత్నము మరియొక యూరికి తెలియుటకు సాధనమయ్యెను. 1919 నవంబరులో చెన్నపట్టణమున అఖిల భారత గ్రంథాలయ మహాసభ జరుగుటకును వెంకటరమణయ్యగారి పూనికయే కారణము.

గోదావరీ కృష్ణా మండలములకే యీ చరిత్రను పరిమితముచేయుట న్యాయము కాదు. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము 1901లోను, హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము 1904లోను వెలసినవి. బడిలో తెలుగునకు తగిన స్థానములేని ఆ రాజ్యమున, తెలుగువారు నలుగురు కూడి తమ భాషలో మాటలాడుకొను తావులు గ్రంథాలయములే యయ్యెను. పుస్తకము అచ్చట చదువుట కెంత యుపకరించెనో, కలిసికొనుటకును అంతయే యుపకరించెను. ఈ సంగతి మరువరాదు. నేటి విషయమునకును ఇది పనికివచ్చును.

ఇక పడవ సంగతి. 1935 అక్టోబరులో పాతూరి నాగభూషణముగారు కొల్లూరు, పెదవడ్లపూడి గ్రామముల నడుమ కాలువపై ఒక పడవ గ్రంథాలయమును నడపించిరి. కృష్ణా డెల్టా ప్రాంతమున కాలువలే ఆ దినములలో రహదారులు. ధాన్యపు బస్తాలును, పెండ్లివారును, సంతకు పోవువారును పడవలమీదనే సాగిపోవుచుండిరి. జనమెచ్చట కూడుచున్నారో అచ్చటికే పుస్తకము వెళ్లవలెనని నాగభూషణముగారు గ్రహించిరి. అంతకు నాలుగేండ్లకు ముందు, 1931లో, తంజావూరు మండలమున మన్నార్గుడిలో ఎడ్లబండి గ్రంథాలయము బయలుదేరినది. రంగనాథన్ పండితుని పంచసూత్రముల గ్రంథము వెలువడిన సంవత్సరమదియే. బండియైనను పడవయైనను కొత్తగా కనిపెట్టిన యంత్రము కాదు. ప్రజలకు అదివరకే అలవాటైన దారిని గ్రంథాలయము తాను వాడుకొనెను. నేడు ఆ దారి చేతిఫోనులో నున్నది. గ్రంథాలయము అచ్చటికి పోవుట తప్పని వాదించుట, 1935లో కాలువమీదికి పుస్తకము పోరాదని వాదించుటవంటిది.

అయితే ఫోనులోనికి పోయినంతనే పని యైనట్లు కాదు. ఇందుకు అమెరికా రాజధానిలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ చేసిన రెండు పనులు మంచి సాక్ష్యములు. ఒకే సంస్థ, ఇంచుమించుగా ఒకే కాలమున చేసినవి. ఒకటి ఫలించినది, ఒకటి నిలిచిపోయినది.

మొదటిది 2008 జనవరి 16వ తేదీన ఆరంభమైనది. ఫ్లికర్ అని ప్రజలు తమ ఛాయాచిత్రములను ఒండొరులకు చూపుకొను తావొకటి గలదు. లైబ్రరీవారు తమ భాండారములోని మూడువేలకు పైబడిన పాత చిత్రములను అచ్చటనుంచిరి. కొన్ని 1910 ప్రాంతపు వార్తాచిత్రములు. కొన్ని 1930, 40లలో తీసిన రంగు చిత్రములు. వార్తాచిత్రములలో చాలవాటికి వివరము స్వల్పము. అద్దపు పలకమీద ఎవరో గీకిన పేరు మాత్రమే ఆధారము; అదియు తరచు తప్పు. గ్రంథాలయమువారు, వీరెవరు, ఇది యే యూరు, మీకు తెలిసినచో చెప్పుడని ప్రజలనడిగిరి. లోకమున మిక్కిలి పెద్ద గ్రంథాలయములలో నొకటి, తనకు తెలియదని బహిరంగముగా ఒప్పుకొని, దారినపోవువానిని అడిగినది!

జనులు చెప్పిరి. ఆ సంవత్సరము అక్టోబరునాటికి ఆ చిత్రములను కోటికి మించిన పర్యాయములు చూచియుండిరి. 2,500కు మించిన మనుష్యులు 7,166 వ్యాఖ్యలు వ్రాసిరి. చిత్రములను గుర్తించుటకై చదువరులు చేర్చిన పదములు 67,176. ఒకరు తమ యూరి వీధిని గుర్తించిరి. ఒకరు పాత పత్రిక వెదకి సంఘటన జరిగిన తేదీని నిరూపించిరి. ఒకరు పేరులోని అక్షరదోషమును దిద్దిరి. ప్రజలకు కలమిచ్చినచో బూతులు వ్రాయుదురని భయపడినవారును కలరు. అన్ని నెలలలో అయోగ్యమని తొలగింపవలసివచ్చినవి ఇరువదియైదు కంటె తక్కువ. ఈ భయము మన కార్యాలయములలో నేటికిని మిక్కుటముగా నున్నది గనుక ఈ యంకెను గట్టిగా చెప్పుచున్నాను.

కాని యీ యంకెలన్నిటిలో నాకు ముఖ్యముగా తోచునది వేరొకటి. ప్రజలు చెప్పినదానిని ఉద్యోగులు పరిశీలించి, నిజమని తేలినదానిని తమ అసలు పట్టికలలో చేర్చిరి. అక్టోబరునాటికి అట్లు సవరింపబడిన నమోదులు 500కు పైబడినవి. ఆ సమాచారము ఎచ్చటనుండి వచ్చెనో కూడ అందు వ్రాసిరి. చదువరి చెప్పిన మాట గ్రంథాలయపు పుస్తకములోని కెక్కినది. పల్లెలో జాషువా థామస్ తలలో పెట్టుకొనివచ్చిన కబురు వంటిదే యిది. ఇచ్చట కాగితముమీద కనబడుచున్నది.

రెండవ పని ట్విట్టర్ సంగ్రహము. 2010 ఏప్రిల్‌లో ఆ సంస్థ, 2006లో తాను పుట్టిననాటినుండి జనులు బహిరంగముగా వ్రాసిన పొట్టిమాటలన్నిటిని లైబ్రరీకి దానముచేసినది. అన్నిటిని ఎల్లకాలము దాచుదుమని ప్రకటించిరి. 2013 నాటికే అవి పదిహేడువేల కోట్లైనవి. వానిని వెదకుటకు తగిన సాధనము అమరలేదు. చదువరులకు తెరచియీయుటయు సాధ్యము కాలేదు. 2017 డిసెంబరులో, ఇకమీదట 2018 మొదలుకొని ఎంచినవి మాత్రమే దాచుదుమని చెప్పి, పాతసంగ్రహమును మూసియే యుంచిరి. ఇందు ఉద్యోగుల అసమర్థత యేమియు లేదు. మూడువేల చిత్రములను చూపి ప్రశ్న యడిగినచోట సంభాషణ జరిగినది. వేలకోట్ల మాటలను మౌనముగా ప్రోగుచేసినచోట కొట్టు నిండినది. అంతే భేదము.

న్యూయార్కు గ్రంథాలయము 2018 ఆగస్టులో ఇన్‌స్టాగ్రామున నవలలనే ప్రచురింప మొదలిడినది. లూయీ కారల్ వ్రాసిన ఆలిసు కథ మొదటిది. బొటనవ్రేలు ఒకమూల నుంచినచో పుట నిలుచును, తీసినచో తిరుగును. చూచుటకు ముచ్చటగనే యున్నది. హేగర్స్‌టౌనులో నల్లరంగు మార్చి ఎఱ్ఱరంగు వేసిన తెలివి యిందున్నది. అయినను ఆ యేర్పాటున చదువరి చదువుటయే గాని, గ్రంథాలయమునకు తిరిగి చెప్పుటకు చోటు తక్కువ. 2020లో మహమ్మారి వ్యాపించి తలుపులు మూతపడినప్పుడు ఎన్నియో గ్రంథాలయములు పిల్లలకు కథలు చదువుటను ఫేస్‌బుక్కు ద్వారమున నడపినవి. అప్పుడు ఇంట ఇంటర్నెట్టు లేనివారి గతి యేమి యను ప్రశ్న వచ్చెను. అమెరికాలో పలుచోట్ల భవనము మూసినను వైఫైని మాత్రము తెరచియుంచగా, జనులు బయట కారులు నిలుపుకొని వాడుకొనిరి. పిలుపు ఎంత గొప్పదైనను వినలేనివారు కొందరుందురని ఆ దృశ్యము చెప్పుచున్నది.

ఇప్పుడు మన యింటికి వత్తము. 1948లో మద్రాసు పౌరగ్రంథాలయ శాసనమును, 1955లో హైదరాబాదు శాసనమును, పిమ్మట 1960లో ఆంధ్రప్రదేశ శాసనమును వచ్చినవి. ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయపు సుంకము వసూలగుట, జిల్లా సంస్థలేర్పడుట, ఉద్యోగులకు జీతములు కలుగుట ఉద్యమము సాధించిన విజయములే. దానితో నొక నష్టమును గలిగినది. పోయిన పుస్తకమునకు జవాబు చెప్పవలసినవాడు పుస్తకమును బీరువాలో పెట్టి తాళమువేయుట సహజము. యాత్రలు వారోత్సవములైనవి, చదువరి సంతకముగా మారెను. నేడు మన పట్టణ గ్రంథాలయములు నిండుగనే యుండును. ఆ కూర్చున్నవారిలో చాలమంది ఉద్యోగ పరీక్షలకు సిద్ధమగు యువకులు, యువతులు. తమ పుస్తకములు తామే తెచ్చుకొందురు. వారికి కావలసినది కుర్చీయు, దీపమును, నిశ్శబ్దమును. వారిని చిన్నచూపు చూచువారితో నేనేకీభవింపను. ఇంట చదువుకొను చోటులేని బిడ్డకు చోటిచ్చుటయు గ్రంథాలయ ధర్మమే. కాని వారు తప్ప మిగిలినవారు, అనగా గృహిణులు, వృద్ధులు, పిల్లలు, ఎచ్చటికి పోయిరి? వారందరు ఫోనులోనే యున్నారు. తెలుగు పుస్తకముల ప్రతులు ఒండొరులకు పంపుకొనుచు, కథలను గూర్చి తర్కించుకొనుచు, ఏ గ్రంథాలయము సాయమును లేకయే గుంపులు కట్టుకొన్నారు. అమెరికాలోను ఇంగ్లండులోను పెరుగుచున్న మనుమలకు కథ చెప్పుటకై పుస్తకము వెదకు అమ్మమ్మలును ఆ గుంపులలో నున్నారు.

గ్రంథాలయములు నడపు పుటలలోనికి తొంగిచూచినచో తరచుగా కనబడునది, జయంతులు, వర్ధంతులు, పూలమాలలు, వేదికమీది పెద్దల వరుస. మహనీయులను స్మరింపవలదని యెవరనగలరు? కాని ఈ వారము వచ్చిన కొత్త పుస్తకములేవి, నేను కోరిన నవల తిరిగివచ్చినదా, ఆదివారము తెరచియుందురా యను ప్రశ్నలకు అందు బదులుండదు. క్రింద నొక చదువరి ప్రశ్నవ్రాసిన, అది నెలలకొలది అట్లే పడియుండును. ఎవరును రాని సభలో మైకు పట్టుకొని మాటలాడినట్లుండును. ఇంతకంటె పుట లేకుండుటయే మేలు. లేనిచో లేదని చదువరి యూరకుండును, ఉండియు పలుకనిచో అవమానపడును.

స్త్రీల విషయమున నొక చిక్కు గలదు. వాట్సాపు గుంపులో చేరినవారి ఫోను సంఖ్య ఆ గుంపులోని వారందరికి కనబడును. ఎఱుగని నూరుగురికి తన సంఖ్య తెలియుట ఎందరో యువతుల కిష్టముకాదు, ఇంటివారును ఒప్పుకొనరు. అందుచే గుంపులో మగవారు మాత్రమే మిగులుదురు. పిమ్మట స్త్రీలకు చదువుమీద ఆసక్తి తక్కువయని మనమే తీర్మానింతుము! 2023లో వచ్చిన ఛానెళ్లలో అనుసరించువారి సంఖ్యలు ఒండొరులకు కనబడవు. అందు వారు వ్రాయుటకు వీలులేదు గనుక, గ్రంథాలయపు నంబరునకు నేరుగా ప్రశ్న పంపుకొను ఏర్పాటును తోడుగా నుండవలెను. ఎవరు ఏ పుస్తకము చదివిరో అన్యులకు చెప్పకుండుట గ్రంథపాలకుని పాత ధర్మము. ఆ మాటను ఫోనులోనికి పోయినపుడును నిలుపుకొనవలెను. గుంపులో, ఫలానివారు తిరిగియీయని పుస్తకములివి యని పట్టిక వేయుట అపచారము.

ఇందుకు వలయునది ధనము కాదు, మనిషి. ప్రతిదినము అరగంటసేపు కూర్చుండి, వచ్చిన ప్రశ్నకు ఆ దినమే బదులిచ్చి, కోరిన పుస్తకమును నమోదుచేసి, తెప్పించినప్పుడు కోరినవారికి కబురంపగలవాడు. ఈ పనిని ఉద్యోగధర్మముగా లెక్కవేయక, తీరికవేళ చేయుమనినచో అది జరుగదు. జాషువా థామస్ బండితోలుట గ్రంథాలయపు పనిగనే యెంచబడెను గాని, ఊడ్చుట ముగిసిన పిమ్మట చేయు వినోదముగా కాదు.

మొదట అడుగవలసిన ప్రశ్నయు మనయొద్దనే యున్నది. మన పాత గ్రంథాలయములలో గోడలకు వ్రేలాడు ఛాయాచిత్రములు చాల గలవు. వార్షికోత్సవపు చిత్రములు, యాత్రల చిత్రములు, వరుసలుగా కూర్చున్న సభ్యులు, వెనుక నిలుచున్న యువకులు, ఒకమూల తొంగిచూచు పిల్లలు. నడుమ కూర్చున్న పెద్దల పేర్లు క్రింద వ్రాసియుండును. వెనుక నిలిచి పుస్తకములు మోసినవారి పేర్లుండవు. ఒక చిత్రమును వారమునకొకటి చొప్పున ఫోనులోనికి ఎక్కించి, ఈ వెనుకనున్న వారెవరని అడుగవచ్చును. 1950 ప్రాంతమున ఆ చిత్రములలో తొంగిచూచిన పిల్లలు ఇప్పుడు ఎనుబదియేండ్ల వారు. వారి చూపు మందగించినది. మనుమరాలు ఫోనును దగ్గరకు తెచ్చి, బొమ్మను పెద్దదిచేసి చూపినచో, పేర్లు చెప్పగలవారు నేటికిని కొందరున్నారు.